ఇస్తారి మామకు రొట్టె ఇయ్యలే

మా మామ చచ్చిపోయిన నాడు సంఘమోళ్ళు మా ఇంటి ముందర ఒక ఫ్లెక్సీ కట్టిండ్రు. నడుమ మామ ఫొటో, రెండు దిక్కుల తెల్ల పావురాలు, కింద ఎర్ర అక్షరాలతోని "ప్రభువునందు నిద్రించిన శాంతమూర్తి, సంఘ పెద్ద ఇస్తారి గారు" అని. అది చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆయన పెద్దరికం గుంజుకున్నది వాళ్ళే. పీనుగైనంక పావురాలు పెట్టి తిరిగి ఇస్తున్నరు.

శాంతమూర్తి అంట! మా మామకు ఎంత కోపం ఉండెనో ఆ ఫ్లెక్సీ కొట్టిచ్చినోళ్ళకే బాగా ఎరుక.

నేను ఇస్తారి కోడల్ని, లీదియాను. కల్వకుర్తి దిక్కు నుంచి ఈ ఇంటికొచ్చిన. ఈ ఊరు ఇబ్రహీంపట్నం పక్క పల్లె. మామ వాళ్ళ తాత కాలంల మా వాడ వాడంతా మెన్నోనైట్ సంఘంల బాప్తిస్మం తీసుకున్నది. ఆ కోపానికి ఊరోళ్ళు మా పీనుగలను ఊరి బొందలగడ్డల పెట్టనియ్యలే. అప్పటిదాంక అందులో ఒక మూల ఇచ్చేటోళ్ళు, అదీ బందువెట్టిండ్రు. మిషన్ దొర తిరిగి తిరిగి ఊరవతల ఒక రాళ్ళ నేల కొనిచ్చిండు. జొన్న మొలవది, నీళ్ళు పడవు. ఎవ్వరికీ పనికిరాని నేల కాబట్టే మాకు దక్కింది. మామ పడుచుతనంల వాడ పిల్లలను ఎంటేసుకొని ఆ రాళ్ళన్నీ ఏరిండు, ఏరిన రాళ్ళతోనే చుట్టూ గోడ పేర్చిండు. సందుల సీతాఫలం చెట్లు వాటికవే మొలిచినయి. మా వాళ్ళందరూ ఆడనే పండుకున్నరు.

మామకు చెరువు కింద ఎకరంన్నర ఉండె. వరి, టమాట, గోంగూర. పొద్దుగాల చేన్ల పాడితే పాట పక్క మడి దాంక వినొచ్చేది. పక్క మడి నర్మదక్కది, ముదిరాజులు. "ఇస్తారన్న పాడుతుంటే నాకు నాటు అలుపు తెల్వది" అనేది ఆమె. ఆదివారం వస్తే అదే గొంతుతోని సంఘంల పాట ఎత్తేటోడు, వాక్యం చదివేటోడు, వాడల ఎవరికి జరమొచ్చినా పోయి ప్రార్థన చేసేటోడు. పైసా జీతం లేదు. పాత పాస్టరయ్య చచ్చిపోతే ఆ ఇంటికి ఏండ్ల తరబడి మా చేను బియ్యమే పోయినయి. ఆ పాస్టరయ్య కొడుకే దివాకర్. మా బియ్యం తిని పెరిగి, హయత్‌నగర్‌ల ఇల్లు కట్టి, మా సంఘానికి సెక్రెటరీ అయ్యిండు.

మెన్నోనైట్లంటే చెయ్యెత్తొద్దు, ఒట్టు పెట్టొద్దు, పగ తీర్చుకోవద్దు. మామ ఇది తు.చ. తప్పకుండ పాటించిండు. కానీ నోరు మూసుకొమ్మని ఏడ రాసి లేదనేటోడు. పటేల్ కొడుకు ఒక కూలాయనను కట్టెతోని కొట్టి కాలు ఇరగ్గొట్టిన కేసుల మామ ఒక్కడే సాక్ష్యానికి పోయిండు. ఇబ్రహీంపట్నం కోర్టుల ప్రమాణం చెయ్యమంటే, "నేను ఒట్టు పెట్టను సార్. అవ్ అంటే అవ్, కాదంటే కాదు. చూసింది చెప్త" అన్నడంట. చెప్పిండు. వారం తిరగకముందే పంట మీదికి గొడ్లను తోలిండ్రు. మామ కట్టె పట్టలే. పొద్దున్నే పటేల్ ఇంటి ముందర నిలవడి, "నా వరి మేపింది నువ్వే, అందరూ వినుండ్రి" అని ఊరు వినంగ ఒర్లిండు. మర్నాడు ఒర్లిండు. ఆ మర్నాడు ఒర్లిండు. పటేల్ సిగ్గుకు ఊరు ఇడిసి పట్నంల బిడ్డ ఇంటికి పోయిండు.

ఇది శాంతమూర్తి కథ.

తర్వాత కొంగరకలాన్‌ల జిల్లా ఆఫీసులు పడ్డయి, ఫ్యాక్టరీ వచ్చింది. మా ఆయన మహిధర్‌కు ఆ ఫ్యాక్టరీలనే నౌకరి దొరికింది, అది వేరే ముచ్చట. భూముల ధరలు ఆకాశానికి పోయినయి. పీనుగలు పెట్టడానికే పనికొస్తదని ఇచ్చిన రాళ్ళ నేల మీదికి కూడ రోడ్డు వచ్చింది. రోడ్డు రాంగనే ఆ నేల అందరికీ కావాల్సి వచ్చింది.

ఒక ఆదివారం ఆరాధన అయినంక దివాకర్ లేచి, సంఘం అభివృద్ధి కోసం బొందలగడ్డ స్థలాన్ని ప్లాట్లు చేసి అమ్మే ఒక వెంచర్ వాళ్ళకు ఇస్తున్నమని, బదులు మన్నెగూడ అవతల స్థలం వస్తదని, ఇక్కడ ఏసీ మందిరం కడతమని చెప్పిండు. వాడోళ్ళు చప్పట్లు కొట్టిండ్రు. నా కండ్లతోని చూసిన. తమ తల్లులను పండవెట్టిన జాగా పోతుందంటే చప్పట్లు!

మామ లేచిండు. "దివాకర్, మా అవ్వ, నన్ను కన్న తల్లి, ఆడ ఉన్నది. మీ నాయిన కూడ ఆడనే ఉన్నడు. ఎవర్నడిగి ఇచ్చినవ్?"

"కమిటీ తీర్మానం అయింది పెద్దాయన. ఎముకలు జాగ్రత్తగ తీసి కొత్త జాగల పెడతం."

"మీ నాయిన ఎముకలు నువ్వు తీస్తవా? నీ చేతులతోని?"

దివాకర్ మొఖం నల్లగైంది. "మందిరంల పెద్ద గొంతు చెయ్యకు" అన్నడు.

"మందిరంల దొంగతనం చెయ్యొచ్చు గానీ గొంతు చెయ్యొద్దా?"

దీనికే మా మామ మీద క్రమశిక్షణ పెట్టిండ్రు. పెద్దరికం తీసేసిండ్రు. పశ్చాత్తాపం పడి క్షమాపణ చెప్పేదాంక ప్రభువు బల్లల పాలు లేదన్నరు, అంటే అందరితోని పాటు రొట్టె, ద్రాక్షరసం ఇయ్యరు. మామ క్షమాపణ చెప్పలే, మందిరానికి పోవుడు ఆపలే. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం పట్టుకొని దివాకర్ వరుస వెంట వచ్చిండు. మామ చెయ్యి చాపిండు. డెబ్బై ఏండ్ల ముసలాయన, నాగలి పట్టి కాయలు కాసిన చెయ్యి. దివాకర్ పళ్ళెం జర పైకెత్తి, ఆ చెయ్యి దాటిచ్చి ఎనక వరుసకు ఇచ్చిండు. మామ చెయ్యి కొంచెం సేపు గట్లనే ఉండె. ఇప్పటి పాస్టరయ్య బైబిల్ల తల పెట్టుకున్నడు. ఆడోళ్ళ దిక్కు మా అత్త రుక్కమ్మ తన రొట్టె ముక్కను తినకుండ పళ్ళెంల తిరిగి పెట్టేసింది. ఆనాటి నుంచి ఆమె మళ్ళ ముట్టలే.

ఇంటికొచ్చి నేను అన్న: "కోర్టుకు పోదం మామా. స్టే తెద్దం."

"సహోదరుని మీద కోర్టుకెక్కొద్దని రాసుంది బిడ్డా."

"వాడు సహోదరుడా?"

"వాడు ఎట్లున్నా, నేనైతే సహోదరున్నే."

ఈ మాటకు ఎవరన్న దండం పెడతరేమో. నాకైతే ఇప్పటికీ కోపమే. ఆనాడే పోయుంటే మామ బతికేటోడు. మా ఆయనేమో, "మనకెందుకు లీదియా, అందరితోని పాటు మనం" అని కంపెనీ బస్సెక్కి పోయేటోడు. ఆయన మీద కూడ కోపమే.

జేసీబీ వచ్చింది. ఎముకలు తీసుడు లేదు, జాగ్రత్త లేదు. గోడ కూలగొట్టి, సీతాఫలం చెట్లు పెకిలించి, రోడ్డు దిక్కున్న సమాధులను సాపు చేసి పోయిండ్రు. సిమెంటు సిలువలు ముక్కలు ముక్కలు. మామ చేను నుంచి పార, గంప తీసుకొని పోయిండు. సాపు చేసిన జాగల మట్టి ఎత్తి మళ్ళ కుప్ప పోసుడు మొదలువెట్టిండు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కుప్ప. వాళ్ళు సాపు చేస్తే మళ్ళ పోసేటోడు. జేసీబీ నడిపేటాయన బండి ఆపి, "తాతా, ఎందుకు నీకు గీ కష్టం" అంటే, "నువ్వు నీ పని చెయ్, నేను నా పని చేస్త" అన్నడంట. పక్కకెళ్ళి బైకుల మీద పోయే వాడ పిలగాండ్లు నవ్విండ్రు. ముసలోనికి మతి పోయిందని దివాకర్ చెప్పిండు. నర్మదక్క ఒక్కతే మధ్యాన్నం సద్ది, నీళ్ళు తీసుకపోయేది. "మా దేవుడు వేరు, మీ దేవుడు వేరు గానీ, మట్టి ఒక్కటే గదనే లీదియా" అన్నది నాతోని.

వెంచర్ వాళ్ళకు ఇది తలనొప్పి అయింది. ప్లాట్లు చూసెతందుకు కార్లల్ల వచ్చినోళ్ళకు ఎదురుంగ సమాధుల కుప్పలు కనపడుతుండె. ఒకనాడు వాళ్ళ మనిషి ఒకడు గంప గుంజుకొని మామను ఒక్క నూకు నూకిండు. మామ పగిలిన సిలువ దిమ్మె మీద పడ్డడు. తుంటి బొక్క ఇరిగింది.

దవాఖానల మామ మంచం కాడికి ఎస్సై వచ్చిండు. "ఎవరు నూకిండో పేరు చెప్పు, కేసు రాస్త" అన్నడు.

"వాడు కూలోడు సార్. వాణ్ని పంపినోని పేరు రాసుకోండ్రి. దివాకర్, మా సంఘం సెక్రెటరీ. ఇంకొకడు ఆ వెంచర్ ఓనర్."

"పంపినట్టు నువ్వు చూసినవా?"

"వాడు తనంతల తానే వచ్చిండా సార్? వానికి మా అవ్వతోని ఏం పగ?"

ఎస్సై కాయిదం మడిచి జేబుల పెట్టుకున్నడు. "పేరు చెప్పవు, ఉత్తగ సతాయిస్తవ్" అని పోయిండు. మంచం ఇనుప చట్రం మీద మామ పిడికిలితోని గుద్దిండు. ఆయన దేని మీదనైనా చెయ్యెత్తంగ నేను చూసింది అదొక్కసారే.

పండుకునే ఉండుడుతోని ఊపిరితిత్తులల్ల నెమ్ము చేరింది. మాట ఆగకముందు అత్తను పిలిచి, "మా అవ్వ పక్కన పెట్టు" అన్నడు. మర్నాడు పోయిండు.

పీనుగ ఇంటికి రాంగనే ఫ్లెక్సీ, పూలదండలు, తెల్ల బట్టలు. మందిరంల పెద్ద ఆరాధన పెడతమని, మన్నెగూడ అవతలి కొత్త జాగల సమాధి చేస్తమని దివాకర్ అన్నడు. మైకు పట్టుకొని, "ఇస్తారన్న మాకు తండ్రి లాంటోడు" అని మొదలువెట్టిండు. నేను తిడదమని లేచిన. నాకంటే ముందుగాల అత్త లేచింది. ఏనాడూ నలుగురిల నోరిప్పని మనిషి. పీనుగ మీది దండ తీసి దివాకర్ కాళ్ళ కాడ పారేసింది.

"రొట్టె ఇయ్యని చేతితోని నా మొగనికి మట్టెయ్యకు. నడువ్ ఈడికెళ్ళి."

మైకు ఊకెనే గుయ్యిమంటుండె. దివాకర్ చుట్టూ చూసిండు, ఎవరన్న తన దిక్కు మాట్లాడుతరేమోనని. చప్పట్లు కొట్టిన చేతులే అవి, ఇప్పుడు కిందికి ఏలాడవడ్డయి. ముందుగాల మా ఆయన పాడె ఒక కొస ఎత్తిండు. ఏడుస్తున్నడు, కానీ ఎత్తిండు. నర్మదక్క మొగడు రెండో కొస పట్టిండు. అప్పుడు వాడ మొగోళ్ళు ఒక్కరొక్కరు వచ్చిండ్రు.

వెంచర్ గేటుకు తాళం ఉండె. నర్మదక్క చేను నుంచి తెచ్చిన గడ్డపారతోని గొలుసు తెంపింది. వాచ్‌మన్ ఫోన్ చేస్తే పోలీసులొచ్చి, జనాన్ని చూసి, జీపుల కూసోనే ఉండిండ్రు. పాస్టరయ్య రాలే. పాట మేమే ఎత్తినం, వాక్యం నేను చదివిన. మామను వాళ్ళవ్వ పక్కన పెట్టినం.

తర్వాత ఏమైందంటే, కొత్త సమాధి ఎదురుంగ ఇల్లు కట్టుకోను ఎవ్వరూ రాలే. వెంచర్ బోర్డు ఎండకు ఎలిసిపోయింది. కానీ సగం నేల మీద రోడ్డు పడ్డది, అది తీసెయ్యలే, దాని కింద మా వాళ్ళెవరో ఉన్నరు. నూకినోడు దొరకలే. దివాకర్ ఇంకా సెక్రెటరీనే, ఇంకా రొట్టె పంచుతున్నడు. మామ వద్దన్న పని నేను, అత్త కలిసి చేసినం: కోర్టుల కేసు ఏసినం. మామ మాటల ఈ ఒక్కటి నేను వినలే, వినను కూడ.

పోయిన నెలల వాడల యాదలక్ష్మి పెద్దమ్మ చచ్చిపోయింది. ఆమె కొడుకులు కమిటీని అడగలే, దివాకర్‌ను అడగలే. పార, గంప పట్టుకొని సీదా ఆడికే పోయిండ్రు. కొత్త తాళం ఉంటే అది కూడ పలగొట్టిండ్రు. నేను పోయేసరికి సగం తవ్వుడయింది. మా ఆయన డ్యూటీ బట్టల మీదనే గుంతల దిగి మట్టి ఎత్తిపోస్తున్నడు.