జాబితాలో మూడో పేరు

మా హెడ్మాస్టరు గారి రిటైర్మెంటు దగ్గర పడినప్పుడు, ఆయన కుర్చీ నాదేనని నేను ధీమాగా ఉన్నాను. పెద్దవంగర మండలంలో ఒక ప్రైమరీ స్కూలు మాది. మిగిలేది ఐదుగురు టీచర్లం. అందులో వయసూ నాదే ఎక్కువ, నోరూ నాదే ఎక్కువ. కొత్తాయన వచ్చేదాకా ఇన్‌ఛార్జి బాధ్యత సీనియర్‌కు ఇస్తారు. పోటీ అంటూ ఉంటే ఒక్కరితోనే. బయ్యారం దగ్గరి తండా నుంచి వచ్చిన నా తోటి టీచరు, ఆమె. ఇద్దరం ఒకే డీఎస్సీలో ఎంపికయ్యాం. నేను ఆమెకంటే ఒక రోజు ముందు డ్యూటీలో చేరాను. ఆ ఒక్క రోజును ఏళ్ల తరబడి నెత్తిన పెట్టుకుని తిరిగాను.

ఆమెకు మొదటి పోస్టింగే ఇంటి దగ్గర వచ్చింది. నన్నేమో భూపాలపల్లి అవతల అడవిలోకి తోశారు. వర్షాకాలం వాగు దాటలేక బడి గదిలోనే పడుకున్న రోజులున్నాయి. ఆమెకు దగ్గరి బడి ఎట్లా దొరికిందని ఎవరైనా అడిగితే, కోటా అని ఒక్క మాటలో తేల్చేసేదాన్ని. ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. అడగాలని కూడా తోచలేదు.

అయినా మా ఇద్దరికీ మంచి స్నేహం. తొర్రూరులో పక్కపక్క వీధులు, రోజూ ఒకే ఆటో. జనగామలో మా నాయిన పోయినప్పుడు నేను పదిహేను రోజులు అక్కడే ఉండిపోయాను. నా రెండు తరగతులూ ఆమే చూసుకుంది. తిరిగొచ్చేసరికి పిల్లల నోటుబుక్కులన్నీ దిద్ది, నా బల్ల మీద వరుసగా పేర్చి ఉన్నాయి. ఈ రోజుకీ ఆ వరుస నా కళ్లముందే ఉంది.

మా ఇద్దరికీ ఒక సీరియల్ పిచ్చి ఉండేది, అది పిల్లల వల్లే పట్టింది. ఐదో తరగతి వాళ్లు లెక్కల పుస్తకాల వెనక ఒకటే ముసుగు వీరుల బొమ్మలు గీస్తుంటే, ఆ గోల ఏమిటో చూద్దామని మొదలుపెట్టాం. అతీత శక్తులున్న ఐదుగురి జట్టు కథ, తెలుగులోకి డబ్బింగు చేసింది. ఫోను ఆమెది. ఇయర్‌ఫోన్లలో కుడి చెవిది ఆమెకు, ఎడమ చెవిది నాకు. నలభై దాటిన ఇద్దరు పంతులమ్మలం, ఆకాశంలో ఎగిరేవాళ్ల కోసం ఆటోలో తలలు ఆనించుకుని కూర్చునేవాళ్లం. స్టేజీ వచ్చిందని డ్రైవరు రెండుసార్లు అరిస్తే గానీ దిగేవాళ్లం కాదు.

హెడ్మాస్టరు గారి వీడ్కోలు సభకు చందాల మాట నడుస్తున్న రోజుల్లోనే, సీరియల్లో ఆ జట్టు నాయకుడికి శక్తి పోయింది. కుర్చీ కోసం ఇద్దరు పోటీ పడ్డారు. ఒకడు నాయకుడి తమ్ముడు. ఇంకొకతె శత్రువుల జాతిలో పుట్టి వీళ్లతో కలిసిన పిల్ల. అందరికంటే బాగా పోరాడేది ఆ పిల్లే, కానీ జట్టులో ఒక్కరూ ఆమెను నమ్మరు. నేను తమ్ముడి పక్షం.

"జాలిపడి చేర్చుకున్నరు గద చెల్లె, ఇగ పెత్తనం గూడ ఆమెకేనా?" అన్నాను.

ఆమె చెవిలోది తీసి, ఫోను సంచిలో పెట్టుకుంది. "తలకాయ నొస్తంది అక్కా," అంది. మర్నాటి నుంచి ఆటోలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేది. నేను మాట్లాడింది సీరియల్ గురించి కాదని ఆమెకు అప్పుడే అర్థమైంది. నాకు మాత్రం కాలేదు.

అంతటితో ఊరుకున్నానా? ఆమె క్లాసులో ఉన్నప్పుడు స్టాఫ్ రూములో మిగతా ముగ్గురి ముందు అనేశాను. "ఆమెకు నౌకరే కోటాల వచ్చింది. ఇప్పుడు కుర్చీ గూడ గట్లనే కావాల్నా?" ఎవరూ కాదనలేదు. ఒకాయన నవ్వాడు కూడా. నాకది చాలింది.

ఇన్‌ఛార్జి నాకే ఇవ్వాలని అడగడానికి ఒక సెలవు పెట్టి, నా కాగితాలన్నీ పట్టుకుని మహబూబాబాద్‌లోని విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి క్లర్కు నా చేరిన తేదీ వైపు చూడనైనా లేదు.

"ఒక్క బ్యాచి వాళ్లకు తేదీ లెక్క కాదు మేడం, ర్యాంకు లెక్క," అని మా డీఎస్సీ మెరిట్ జాబితా తీసి నా ముందు పెట్టాడు.

మూడో పేరు ఆమెది. పక్కన ఓపెన్ అని ఉంది. ఏ కోటా లేదు. నా పేరు కోసం వేలు కిందికి జారుతూ రెండో పేజీ దాకా పోయింది. ఇంటి దగ్గరి బడి ఆమెకు ఎవరో ఇచ్చింది కాదు. ర్యాంకు ప్రకారం ముందుగా పిలిస్తే, తనే కోరుకుంది. అందరూ ఏరుకోగా మిగిలింది కాబట్టే నాకు ఆ అడవి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు ఆటోలో చెప్పేశాను. జాబితా చూశానని, స్టాఫ్ రూములో ఏమన్నానో అదీ దాచకుండా చెప్పాను. ఆమె దిద్దుతున్న పేపరు మీంచి తలెత్తలేదు.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?" అన్నాను, తప్పంతా ఆమెదే అన్నట్టు.

"నువ్వెప్పుడన్న అడిగినవా అక్కా?"

 ఇంకో పేపరు తీసుకుంటూ మళ్లీ తనే అంది. "ఆ కుర్చీ నాకు కావాలె. నీకోసం వద్దనను. ఇగ ర్యాంకు సంగతి నాకు చెప్పుడెందుకు, నాకు తెలిసిందే గద. తెల్వనోళ్లకు చెప్పు."

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరూ టిఫిన్ డబ్బాలు తెరిచే వేళకు నిలబడ్డాను. వందమంది పిల్లల ముందు గొంతు చించుకునేదాన్ని, నలుగురి ముందు మాట తడబడింది. ఆమె ర్యాంకు చెప్పాను, నాది చెప్పాను, నేనన్నది తప్పని చెప్పాను. ఆనాడు నవ్వినాయన పెరుగన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని మామూలుగా తింటోంది. థాంక్స్ అనలేదు. అనాల్సిన పని ఆమెకేముంది?

ఏ రోజైనా తన ర్యాంకు చెప్పి, ఆ ఒక్క మాటతో ఆమె నా నోరు మూయించగలిగేది. ఆ పని చేయకుండా, తప్పు దిద్దుకునే పని నాకే వదిలింది. అందుకు ఆమెకు నేను జీవితాంతం రుణపడి ఉన్నాను.

సాయంత్రం ఆటో ఎక్కాక ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. పరీక్ష పేపర్లకోసమేమో అనుకుని నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె నా భుజం తట్టింది.

"ఆ పిల్ల ఏమైందో చూడవా అక్కా?" అని ఎడమ చెవిది నా చేతిలో పెట్టింది.