నంద్యాల ఎండలో మంచుతాడు

యాకోబుకు ఒకటే పిచ్చి. తాళ్లు కట్టడం. ఇంటి నుంచి బావికొక తాడు, బావి నుంచి కక్కసుకొక తాడు. అంతటితో ఆగినాడా? ఎనభై ఆరు ఎండాకాలంలో వాకిలి నుంచి, పక్కింటి ముసలామె కృపమ్మ గడప ముందర నుంచి, కరెంటు స్తంభాలకు చుట్టుకుంటూ వీధి చివర చర్చి గేటు దాకా నైలాన్ తాడు లాగేసినాడు.

“ఏందప్పా యాకోబన్నా, ఊరందరి గుడ్డలూ ఆరేస్తావా?” అన్నాడు లైన్‌మన్ దేవరాజు.

“నవ్వురా, నవ్వు. ఆడికి పోయింటే తెలుస్తాది నీకు.”

‘ఆడ’ అంటే అంటార్కిటికా. మిలిటరీలో వంటమనిషిగా ఉండి, మన దేశం పంపిన సైంటిస్టులతో పోయి అక్కడ ఏడాది పాటు గరిటె తిప్పి వచ్చినాడు. కోడిగుడ్లను సుత్తితో పగలగొట్టినాడంట. మీసం మీద ఊపిరి గడ్డకట్టి, నవ్వితే చిటచిటా విరిగేదంట. సూర్యుడు రెండు నెలలు సెలవు పెట్టినాడంట.

“అవన్నీ తట్టుకోవచ్చు. మంచుగాలి లేసిందనుకో, నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. నీ చెయ్యి నీకు కనపడదు. వంటగదికీ పడకకూ నడుమ పదడుగులు, దానికో తాడు. తాడు వదిలితే ఆ పదడుగుల్లోనే పోతావ్!”

“నంద్యాల్లో మంచుగాలి యాడ లేస్తాదన్నా?”

“లేసినాంక కడితే ఏం లాభంరా?”

వీధంతా పడీపడీ నవ్వేది. కూతురు సలోమికి మాత్రం తల యాడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆళ్లగడ్డలో టీచరామె; అక్కడే ఉంటాది, ఎప్పుడో సెలవుకు ఇంటికొస్తాది. ఆ ఆదివారం వాళ్ల హెడ్‌మాస్టరు కరుణాకర్ సారు తమ చర్చికి వస్తానన్నాడు. ఆ తాడు చూస్తే సోమవారం బడిలో ముఖమెట్ల చూపించేది? ఆదివారం పొద్దున, చర్చి గంటకు కాస్త ముందర కొడవలి తీసుకుపోయి కృపమ్మ గడప ముందర రెండు చోట్ల తెగ్గోసింది.

మొదటి గంట కొట్టినారు. కృపమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని గడప దిగింది. చెయ్యి చాపింది. గాలిని తడిమింది. ఇంకో అడుగు వేసి మళ్లీ తడిమింది. రెండో గంటకు గడప మీదే కూలబడింది.

“నాయనా, అవ్వకు కండ్లు...” వాకిట్లో నిలబడిన తండ్రి వైపు తిరిగింది సలోమి.

“పొర కమ్మి ఏడాదాయె. ఆమెకిప్పుడు అంతా తెలుపేనమ్మా.” యాకోబు గొంతు తగ్గించినాడు. “ఆపరేషనంటే తిడతాది. చెయ్యి పట్టుకుంటే, గుడ్డిదాన్నా నేనని కొట్టనీకొస్తాది. పోనీలే, పిచ్చి నాకే అనుకోనీ అని...”

సలోమికి సిగ్గుతో చచ్చినంత పనైంది. సారు ఏమనుకుంటాడోనన్న ఇందాకటి సిగ్గు దీని ముందర సిగ్గే కాదు. చేతిలో కొడవలి ఇంకా ఉంది. దాన్ని కింద పారేసి ఉరికింది. తెగిన ముక్క తెచ్చి, రెండు పక్కలా ఎట్లో అట్ల ముడేసింది.

“అవ్వా, తాడు తెగింది. కట్టేసినా. రా.”

“నాకేం అక్కర్లేదులే,” అంటూనే కృపమ్మ లేచి తాడందుకుంది. “పట్టుకోకుంటే మీ నాయన బాధపడతాడు, పిచ్చోడు.”

“అవునవ్వా.”

ఆమె వెనకే నడిచింది సలోమి. చర్చి గేటు దగ్గర కరుణాకర్ సారు నిలబడి ఇద్దరినీ, తాడునూ మార్చి మార్చి చూస్తాన్నాడు.

“ఎవరు కట్టినారమ్మా ఇది?”

సలోమి ముఖం కందగడ్డయింది. అయినా తల వంచలేదు.

“నేనే సార్.”

“నిజమే సార్,” అన్నాడు వెనకనుంచి యాకోబు. “ఆ వంకర ముడులు నావి కాదు.”