తువ్వాలు తీసిన చేతులు

ఓబయ్య చిత్తూరు మామిడి మండీలో దళారిగా ఉన్న రోజుల్లో బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ ఆయనా ఎదురెదురుగా నిలబడి, ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పుకునేవాళ్ళు. ఆ తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. చుట్టూ ఎంతమంది మూగినా ఏం నడుస్తోందో వాళ్ళిద్దరికే తెలుసు. తోతాపురి కాయలు లారీలకు లారీలు అలాగే అమ్ముడయ్యేవి. ఒక సీజన్లో కాయల పెట్టె జారి పడి ఆయన కుడిచేతి చిటికెన వేలు విరిగింది. మండీ మంచి జోరు మీదున్నప్పుడు ఆసుపత్రికి పోయే తీరిక ఎవరికుంటుంది? వేలు వంకరగానే అతుక్కుంది. "పట్టుకోను పిడి మాదిరిగా ఉండాదబ్బా, బేరం ఇంకా బాగా కుదరతాది" అని నవ్వేవాడు.

ఆ ఓబయ్య కూతురు ప్రసన్నకుమారి. చిత్తూరు ఊరి చివర ఒక ట్రస్టు నడిపే, చెవులు వినపడని పిల్లల హాస్టలు బడిలో టీచరు. మనిషి పొట్టి, కోపం పొడుగు. బడి చూడటానికి అరటిపళ్ళ గెలలతో వచ్చే పెద్దమనుషులు పిల్లలను చూసి "అయ్యో పాపం" అంటే ఆమెకు ఒళ్ళు మండుకొచ్చేది. "పాపం ఏముండాది సార్ ఈడ? ఈ పిల్లోళ్ళు చేతుల్తో మాట్లాడుకునే మాటలు మీకు ఒక్కటి కూడా తెలియదు. మిమ్మల్ని చూసి వాళ్ళు కదా పాపం అనాల" అని మొహం మీదే అనేసేది. పళ్ళు మాత్రం తీసుకునేది. పిల్లలకు ఆకలి కదా.

సైగల భాష నేర్పడానికి అప్పట్లో పుస్తకాలే ఉండేవి. పుస్తకంలో బొమ్మ కదలదు. చెయ్యి ఎటు తిరగాలో చెప్పడానికి పక్కన బాణం గుర్తు వేసేవాళ్ళు. ఆ బాణాలు చూసి పిల్లలు గాల్లో ఏవేవో గీతలు గీసేవాళ్ళు. అప్పుడే బడికి కొత్తగా కంప్యూటర్ మాస్టారు మునికుమార్ వచ్చాడు. ఫ్లాష్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో బొమ్మలను కదిలించడం అతనికి వచ్చు. "బొమ్మల్ని ఆడిస్తాను అక్కా. ఒక జత చేతులు కావాల, అంతే" అన్నాడు.

ప్రసన్నకుమారి ఇంటికి పోయి, మండీ మానుకుని వసారాలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న తండ్రి ముందు నిలబడింది.

"నాయనా, నీ చేతులు కావాల."

"దేనికి మా?"

"మాట్లాడను."

ఓబయ్య పడి పడి నవ్వాడు. మరునాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బడికి బయలుదేరాడు. కూతురు చూపించిన ప్రతి సైగనూ నేర్చుకున్నాడు. ఇన్నేళ్ళు రహస్యం మాట్లాడిన వేళ్ళు కదా, ఇట్టే పట్టేశాయి. "ఇంతకాలం తువ్వాలు కిందే మాట్లాడినాయి ఇవి. ఇప్పటికైనా గాలి తగలనీ" అనేవాడు. మునికుమార్ ఆ చేతులను అడుగడుగునా ఫోటోలు తీసి, ఒక్కో ఫోటో మీద గీతలు గీసి, కంప్యూటర్లో కదిలించాడు. ఎంత శ్రద్ధగా గీశాడంటే, వంకర చిటికెన వేలు కూడా వంకరగానే దిగింది. అది సైగలో భాగం కాదని చెప్పాలని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ సంగతి చాలాకాలానికి గానీ బయటపడలేదు. తిరుపతిలో చెవులు వినపడని యువకుల ఆటల పోటీలకు పిల్లలను తీసుకుపోతే, వేరే ఊరి పిల్లలు వీళ్ళ చేతులు చూసి చిటికెన వేలు వంచి చూపించి, మీరు చిత్తూరోళ్ళు కదా అని సైగ చేశారు. ప్రసన్నకుమారి తన పిల్లలందరి చేతులూ అప్పుడు చూసింది. ఏ మాట చెప్పినా చిటికెన వేలు వంకరే. సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఇంటికొచ్చి తండ్రికి చెప్పి, పాఠాలన్నీ దిద్దించేస్తానంది. మాటకు ముందు నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. తన వేలినే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అంతమంది బిడ్డలు నా వేలు పెట్టుకోని మాట్లాడతా ఉండారా?" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దిద్దించడం అనే మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఓబయ్య పోయాక కూడా ఆ చేతులు బడి కంప్యూటర్ గదిలో కదులుతూనే ఉన్నాయి. ఇంతలో ఫ్లాష్‌కు కాలం చెల్లింది. ఫ్లాష్ బొమ్మ ఆడాలంటే బ్రౌజర్‌కు ప్లగిన్ అనే అదనపు ముక్క ఒకటి తగిలించాలి. ఆ ముక్క వల్ల కంప్యూటర్లలోకి దొంగలు చొరబడుతున్నారనీ, రెండువేల ఇరవై ఆఖరుకు దాన్ని పూర్తిగా తీసేస్తున్నారనీ, ఇక ఎవరి సొత్తూ కాని ఉమ్మడి పద్ధతుల్లోనే, అంటే ఓపెన్ స్టాండర్డ్స్‌లోనే, అన్నీ నడవాలనీ ముందే చాటింపు వేశారు. మునికుమార్ తన జాగ్రత్త తాను చేసుకున్నాడు. గదిలోని కంప్యూటర్లకు నెట్ పీకేసి, పాత బ్రౌజర్‌ను అలాగే ఉంచి, ప్రతిదాని మీదా "అప్‌డేట్ చేయరాదు" అని కాగితం అంటించాడు. పాఠాలు నిక్షేపంగా ఆడుతున్నాయి. ఇంకేం కావాలి?

ఆ రెండువేల ఇరవైలోనే కరోనా వచ్చి బడి మూసేశారు. పిల్లలంతా ఇళ్ళకు పోయారు. బడి వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ తాళం వేసి పెట్టిన పాఠాల పేజీ ఒకటుంటే, ఎక్కడైనా కంప్యూటర్ దొరికితే చూపించుకుంటారని ప్రసన్నకుమారి తల్లులకు దాన్ని పంపింది.

బస్సులు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాక ప్రసన్నకుమారి మొదట చంద్రగిరి పోయింది. అక్కడ రూపశ్రీ అని ఆరేళ్ళ పిల్ల ఉంది. బడిలో చేరి ఏడాదే అయింది. తల్లి నవీన తిరుపతిలో ఒక లాడ్జిలో గదులు శుభ్రం చేసేది. లాడ్జీలు మూతబడి ఇంటి పట్టునే ఉంది. టీచరును చూడగానే రూపశ్రీ ఎగిరి గంతేసి, రెండు చేతులూ కలిపి "బడి, బడి" అని సైగ చేసింది. ప్రసన్నకుమారి సంబరపడి, తిన్నావా, చెల్లెలేది, ఏం ఆడుకుంటున్నావు అని ఒకటి తర్వాత ఒకటి అడిగింది. పిల్ల తెల్లమొహం వేసింది. ఆ ఒక్క మాట తప్ప మిగిలినవన్నీ జారిపోయాయి.

"మీరు చెప్పిన పేజీ రోజూ తెరస్తానే ఉండాను మేడం" అంది నవీన, తప్పు చేసినదానిలా. "బూడిద రంగు పెట్టె ఒకటి వస్తాది. తాకితే ఏమీ రాదు. నా ఫోను మంచిది కాదేమోనని పక్కింటోళ్ళ ఫోన్లో కూడా చూసినా." ఆమె కూతురి తల నిమిరింది. "ఇది నన్ను కొంగు పట్టుకోని లాగతాది, అంతే. అమ్మ అని ఎట్ట చెప్పాలో నేర్పిస్తారా మేడం? నన్ను పిలిపించుకోవాలని ఉండాది."

ప్రసన్నకుమారి ముక్కుపుడక ఉండే చోట వేలు తాకించి చూపించింది. ఫోన్లలో ఫ్లాష్ ఆడదని ఆమెకు తెలియని సంగతేమీ కాదు. కానీ ఆ బూడిద పెట్టె వెనకాల తన తండ్రి చేతులు ఉన్నాయనీ, వాటిని చూడాల్సిన పిల్ల ఇక్కడ కూర్చుని మాటలు పోగొట్టుకుంటోందనీ తెలిశాక, చిత్తూరు బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె దవడ బిగుసుకునే ఉంది.

తర్వాతి వారం ట్రస్టు కార్యదర్శి వరదయ్య గదిలో ఆమె తగువు పెట్టుకుంది. పాఠాలన్నీ ఏ ఫోన్లోనైనా ఆడేలా కొత్త పద్ధతిలోకి మార్చాలంది. వరదయ్య నిదానమైన మనిషి, మంచివాడే.

"ఆడతా ఉండేదాన్ని ఎందుకు కెలకడం ప్రసన్నమ్మా? బడి తెరిచినాక పిల్లోళ్ళు ఈడికే వస్తారు గదా. పైగా అది మన బడి సొత్తు. నెట్‌లో తాళం లేకుండా పెడితే ఎవరుబడితే వాళ్ళు ఎత్తుకోని పోతారు."

"పోనీండి సార్. ఎత్తుకోని పోయి పిల్లోళ్ళకి నేర్పిస్తారు, అంతే గదా."

ఆమె అనుకోనిది మునికుమార్ అడ్డం తిరగడం. అతను తల వంచుకుని చెప్పాడు.

"మారిస్తే చెడిపోతాయి అక్కా. ఆ నడక, ఆ వడి దీంట్లోనే కుదిరినాయి. అవి పెద్దాయన చేతులు. పాడైతే మళ్ళీ ఫోటో తీసుకోను ఆయన యాడ ఉండాడు? ఆ గదిలో అట్టనే భద్రంగా ఉండనీ."

కన్నకూతురికి లేని బెంగ వీడికెందుకని కోపం రావాలి. రాలేదు. వాడు తన తండ్రిని అంత ప్రేమించాడని అప్పుడే తెలిసింది. అయినా వదల్లేదు. వరదయ్య కుర్చీ వీపు మీద వేసి ఉన్న తెల్ల తువ్వాలు లాగి, తన రెండు చేతుల మీదా కప్పుకుంది. లోపల చేతులు కదిలాయి.

"ఏం చెప్పినానో చెప్పండి సార్."

"యాడ కనిపిస్తాది మా?" అన్నాడు వరదయ్య తికమకగా.

"నువ్వు చెప్పు మునీ."

మునికుమార్ తువ్వాలు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"బడి ఎప్పుడు తెరస్తారని అడిగినాను. చంద్రగిరిలో రూపశ్రీకి మిగిలిన మాట ఆ 'బడి' ఒక్కటే. మా నాయన బతుకంతా తువ్వాలు కింద మాట్లాడినాడు. కడాకు నా మాట విని చేతులు బయట పెట్టినాడు. ఇప్పుడు మనం భద్రం, భద్రం అని వాటి మీద మళ్ళీ తువ్వాలు కప్పతామా?"

మునికుమార్ లేచి వచ్చి ఆమె చేతుల మీది తువ్వాలు తీసి, మడిచి, కార్యదర్శి కుర్చీకి వేశాడు. "నేనే చేస్తాను అక్కా. వేరేవాళ్ళని ముట్టుకోనియ్యను" అన్నాడు. వరదయ్య గొణుగుతూనే ఒప్పుకున్నాడు. తాళం వద్దన్నారు కాబట్టి కింద బడి పేరైనా పెద్ద అక్షరాలతో ఉండాలన్నాడు.

పని అనుకున్నంత సులువుగా సాగలేదు. అసలు గీతలన్నీ మునికుమార్ దాచుకున్నాడు కాబట్టి మళ్ళీ గీసే బాధ తప్పింది. కానీ మొదట మార్చిన పాఠంలో ఓబయ్య చేతులు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. అతను ఒక్కో కదలికనూ బుజ్జగించి దారికి తెచ్చాడు. ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్లోనే, ఏ ముక్కా తగిలించకుండా, తండ్రి చేతులు తీరిగ్గా కదిలి "రండి" అన్నాయి. ఆమె ఫోన్‌ను కళ్ళకద్దుకుంది.

"అక్కా, ఎట్టా మారస్తా ఉండాము కదా, చిటికెన వేలు సరి చేసేదా?" అని అడిగాడు మునికుమార్.

"దానివల్ల ఏ మాటకన్నా అర్థం మారతాదా?"

"మారదు."

"అయితే దాని జోలికి పోవద్దు."

ఆ ఏటి ఆఖరున ఫ్లాష్ అనుకున్నట్టే ఆగిపోయింది. ఎక్కడెక్కడి ఆటలూ పాఠాలూ బూడిద పెట్టెలైపోయాయి. చిత్తూరు బడి పాఠాలు మాత్రం తోటల్లో, కూలీల ఇళ్ళలో, పగిలిన అద్దాల ఫోన్లలో ఆడుతూనే ఉన్నాయి. వరదయ్య ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ అదంతా తన ఆలోచనే అన్నట్టు చెప్పుకుంటాడు. ప్రసన్నకుమారి విని ఊరుకుంటుంది.

బడి మళ్ళీ తెరిచిన రోజు ఆమె గేటు దగ్గర నిలబడింది. నవీన కూతురిని తీసుకొచ్చింది. లాడ్జి పని మళ్ళీ మొదలైంది, తిరుపతి బస్సుకు వేళవుతోంది. ఇన్నాళ్ళు తల్లిని అంటిపెట్టుకుని ఉన్న రూపశ్రీ కొంగు వదలకుండా ఏడుస్తోంది. నవీన విదిలించుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల గడ్డం పట్టి తనవైపు తిప్పుకుని, చేతులతో చెప్పింది. అమ్మ పనికి పోతుంది. శనివారం వస్తుంది. నీకు గాజులు తెస్తుంది. తడబడుతూ అయినా ఒక్క మాటా వదలకుండా చెప్పింది. పిల్ల ఏడుపు ఆపి, ముక్కు మీద వేలు పెట్టి "అమ్మ" అంది. ఏ రంగు గాజులని అడిగింది.

ప్రసన్నకుమారి కళ్ళు నవీన కుడిచేతి మీదే ఉన్నాయి. ఎప్పుడూ విరగని ఆ చిటికెన వేలిని నవీన శ్రమపడి, ప్రతి మాటకూ వంకరగా వంచుతోంది. ఓబయ్యను ఆమె ఎప్పుడూ చూడలేదు.

టీచరు అలా కన్నార్పకుండా చూడటం గమనించి నవీన గాభరాగా చేతులు దించుకుంది.

"తప్పు చెప్పినానా మేడం?"

గర్వంతో ప్రసన్నకుమారి గుండె నిండిపోయింది.

"లేదు మా. మా ఇంట్లో అట్టనే చెప్తాము."