తియార్ తాత కూర్చునే చోటు

విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు చర్చిలో అందరూ లేచి, ఆమేన్ దాకా నిలబడే ఉంటారు. తియార్ తాత మాత్రం మధ్యలో కూర్చునేవాడు. ముప్పై ఏళ్లుగా సంఘ పెద్ద, మొదటి బెంచీ, ఒంటిమీద పెద్దలు వేసుకునే నల్ల అంగీ. అయినా ఊరంతా చూస్తుండగా కూర్చునేవాడు. అదీ ప్రతి వారం ఒకే చోట కాదు. ఒక ఆదివారం దేవుడు సర్వశక్తిమంతుడనే తొలి మాట దగ్గరే చతికిలబడేవాడు. ఇంకో ఆదివారం సిలువా సమాధీ దాటి, పాపక్షమాపణ కూడా దాటి, చచ్చినవాళ్లు శరీరంతో లేస్తారనే మాట దగ్గర కూలబడేవాడు. ప్రమాణం మొదలవగానే తల ఒక పక్కకు వాల్చేవాడు కాబట్టి, నిలబడి కునుకు తీస్తాడనీ కునుకు ముదిరితే కూర్చుంటాడనీ కొందరి అభిప్రాయం. ఆయన కూర్చుంటే బెంచీ కెవ్వుమనేది. వెనక మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లు నలుగురైదుగురు, ఇదే సందని తామూ కూర్చునేవారు.

పెద్ద సరస్సు నడుమ ఉన్న సమోసిర్ దీవిలోని ఆ ఊళ్లో, ఆదివారం మధ్యాహ్నం కల్లు దుకాణానికి ఇంతకంటే మంచి కబురు ఉండేది కాదు.

"తాతా, ఈ వారం ఎందాకా నమ్మావు?"

"సిలువ వేయించిన పిలాతు పేరు దాకా. ఆ పైన దారంతా బురద."

"పోయిన వారం ఇంకా ముందే దిగిపోయావుగా?"

"కొత్త చెప్పులు కరిచాయిరా. కరిచే చెప్పులతో పరలోకం దాకా ఎవడు నడుస్తాడు?"

అడిగిన ప్రతివాడికీ ఒక్కో సాకు. ఉల్లినారు గుర్తొచ్చిందనేవాడు, ఊపిరి చాల్లేదనేవాడు, ఇంట్లో ముసలమ్మ పెట్టిన చేపల పులుసు మీదికి నెట్టేవాడు.

సంఘ కార్యదర్శి మారులాక్ మాస్టారికి మాత్రం ఇది నవ్వులాట కాదు. బడి నుంచి రిటైరైనా హాజరు వేసే అలవాటు పోని మనిషి. తాత ఏ తేదీన ఏ మాట దగ్గర కూర్చున్నాడో రెండేళ్లుగా నోటుపుస్తకంలో రాసిపెట్టాడు. చెయ్యి ఊరుకోక పక్కనే ఆ రోజు ఎండో వానో కూడా రాశాడు. ఆ పుస్తకం తెచ్చి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ రుమొందాంగ్ బల్లమీద పడేశాడు.

"వచ్చే ఆదివారం జిల్లా చర్చిల పెద్దయ్యగారు వస్తున్నారమ్మా. ఆయన ముందు కూడా ఈ ముసలాయన కూర్చున్నాడా, ఆ నల్ల అంగీ విప్పించాల్సిందే. సంఘ కమిటీ నిర్ణయం. నమ్మనివాడు పెద్ద ఎలా అవుతాడు?"

ఆమె పుస్తకం తనవైపు లాక్కుంది. ఆ ఏడు వానలు తెరిపి ఇవ్వలేదు. ఉల్లి పొలంలోనే కుళ్లిపోయింది. మూడు నెలల్లో నలుగురిని మట్టి చేసింది ఆమె. ప్రతి గుంట దగ్గరా పునరుత్థానం గురించి గట్టిగా చెప్పి, గదికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చునేది. తాతంటే ఆమెకు కోపం కాదు, భయం. అంత పాత మనిషికే నమ్మకం సగంలో ఆగిపోతే తన గతేమిటని.

పుస్తకం తిరగేస్తుంటే ఒక సంగతి కంటబడింది. సర్వశక్తి దగ్గర కూర్చున్న తేదీలన్నిటి పక్కనా 'సరస్సు మీద గాలి' అని ఉంది. ఒకే ఒక్క ఆదివారం మాత్రం 'చివరి దాకా నిలబడ్డాడు, ఆమేన్ కూడా అన్నాడు, కారణం తెలియదు' అని రాసుంది. ఆ ఆదివారం పాస్టరమ్మకు గుర్తుంది. తాత వెనక బెంచీలో కూర్చునే తియొదోర్ అనే ఆవిడ ఆ వారం ఊళ్లో లేదు, అక్క ఇంటికి వెళ్లింది. రెండేళ్ల కిందట తియొదోర్ మొగుడు పార్లిన్ చేపల వేటకని వెళ్లి, గాలివానలో పడవతో సహా మునిగిపోయాడు. సరస్సు శవాన్ని తిరిగివ్వలేదు. అతని చొక్కా పెట్టి సమాధి పూడ్చారు.

పాస్టరమ్మ తిన్నగా తాత పాకకు వెళ్లింది. ఆయన కుళ్లిన ఉల్లిపాయలు ఏరుతున్నాడు.

"తాతా, మీరు తల వాల్చేది కునుక్కి కాదు కదా. వెనక తియొదోర్ గొంతు వినడానికి."

"ముసలి చెవి. దీనికేం వినబడుతుందమ్మా?"

"ఆమె గొంతు ఆగిన చోటల్లా మీరు కూర్చుంటున్నారు."

తాత ఇంకో కుళ్లిన పాయ ఏరి పక్కన పడేశాడు.

"పార్లిన్ పోయిన తర్వాతి ఆదివారం ఆ పిల్ల మాట పెగలక మధ్యలో కూర్చుండిపోయింది. చర్చి చర్చంతా ఆమెవైపు తిరిగింది. విశ్వాసం పోయిందని గుసగుసలు! ఇక రావడం మానేస్తుందని నాకు దిగులేసింది. అందుకని నేనూ కూర్చున్నా, కాస్త గట్టిగా. నన్ను చూడనీ. నాది ఎటూ చూసి నవ్వుకునే మొహమే."

"అయితే మీరు నమ్ముతారా?"

"కూర్చున్నాక నోట్లోనే మొత్తం చెప్పుకుంటా. రెండుసార్లు. ఒకటి నాది, ఒకటి ఆమెది. అవి ఒక్కరు మోసే మాటలా అమ్మా? అందుకేగా అందర్నీ నిలబెట్టి ఒక్కసారే చెప్పిస్తారు. ఒకరి చెయ్యి జారితే పక్కవాళ్లు పట్టుకోవాలని."

పాస్టరమ్మకు ఏడుపొచ్చింది. నెపం ఉల్లిపాయల మీదికి నెట్టేసింది.

"అంగీ పోతుంది తాతా. తియొదోర్‌కి ఒక్క మాట చెప్పనివ్వండి."

"చెప్పారో, నేను నిజంగానే నమ్మడం మానేస్తాను!"

ఆదివారం పొద్దున్నే వాన పట్టుకుంది. పైకప్పు రెండుచోట్ల కారుతోంది. జిల్లా పెద్దయ్యగారు ముందు కుర్చీలో ఉన్నారు. మాస్టారు పుస్తకం తెరిచి కలం పట్టుకున్నాడు. ప్రమాణం మొదలైంది. తాత తల వాలింది. తియొదోర్ పెదవులనే చూస్తూ పాస్టరమ్మ తన మాటల్లో తనే తడబడింది. తియొదోర్ సర్వశక్తి దాటింది. పిలాతునూ సమాధినీ దాటింది. పాపక్షమాపణ కూడా దాటి, 'శరీర' అని ఆగిపోయింది.

తాత నడుం వంచాడు. కానీ వెనక గొంతు పూర్తిగా ఆగలేదు, ఏదో కదులుతూనే ఉంది. కూర్చోవాలో నిలబడాలో తేలక గాలిలోనే ఉండిపోయాడు. రెండు చేతులా ముందు కమ్మీ పట్టుకున్నాడు. నల్ల అంగీ అంచు గడగడా వణుకుతోంది. చెవి మాత్రం వెనక్కే ఉంది. ఆ అవతారం చూసి ఒక్కొక్కరే చదవడం ఆపేశారు. పెద్దయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు.

తియొదోర్ ముందు ఆ వణుకుతున్న అంగీని చూసింది. తర్వాత తనవైపు తిరిగి ఉన్న చెవిని చూసింది. చూసి, రెండేళ్ల ఆదివారాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పునరుత్థానాన్ని" అంది. "నిత్యజీవాన్ని నమ్ముతున్నాను."

తాత ఎముకలన్నీ పటపటమంటుండగా నిటారుగా నిలబడి, సరస్సు అవతలి గట్టుకు వినబడేలా ఆమేన్ అన్నాడు. మాస్టారికి రాయడానికేం మిగల్లేదు. ఆ రోజు వాన ఎంతని రాసుకున్నాడు.

బయట పాస్టరమ్మ తియొదోర్ చెయ్యి పట్టుకుంది.

"నమ్మే అన్నావా?"

"సగమే పాస్టరమ్మా. ఇంకాస్త ఆలస్యం చేస్తే ఆ ముసలాయన మోకాళ్లు పోయేట్టున్నాయి, ఏం చెయ్యను? మిగతా సగం ఎటూ ఆయన దగ్గరుంది" అని కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ పూట పాస్టరమ్మ కడుపు నిండా అన్నం తింది.

కల్లు దుకాణంలో మాత్రం అందరికీ నిరాశ.

"అదేంటి తాతా, ఇవాళ కూర్చోలేదు?"

"పైకప్పు కారి బెంచీ తడిసిందిరా" అన్నాడు తియార్ తాత, మోకాళ్లు రుద్దుకుంటూ.