బడికి తిరిగి వెళ్లాలనుకున్న పీఏ

శాసనసభ్యులకు అందే సదుపాయాలు సక్రమంగా వాడుతున్నారా లేదా అని చూడటానికి ఒక కమిటీ ఉండేది. క్వార్టర్లు, కారు అప్పులు, రైలు కూపన్లు, వైద్యం ఖర్చులు, సభ్యుల దగ్గర పనిచేసే సిబ్బంది, ఇవన్నీ దాని కిందికే వచ్చేవి. కమిటీలో ఉన్నవాళ్లూ సభ్యులే. బయటి మనిషి ఒకరుంటే బాగుంటుందని ఎవరికో తోచింది. పత్రికలో పనిచేసి రిటైరైన నన్ను పిలిచారు. నివేదిక సభ ముందుకు వచ్చేదాకా లోపల విన్నది బయట రాయకూడదన్న షరతుకు ఒప్పుకుని వెళ్లాను. నివేదిక వచ్చేసింది. అందులో ఈ సంగతికి దక్కింది ఒక్క వాక్యం.

మేం కూర్చునే గది నాంపల్లిలో ఒక పాత భవనం మేడమీద ఉండేది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, దానికి బిగించిన ఏసీ డబ్బాలు. ఆబిడ్స్ నుంచి సమోసాలు వచ్చేవి. ఆ గదిలో ఒక ఆనవాయితీ ఉందని త్వరగానే తెలిసింది. ఏ సభ్యుడి సిబ్బంది గురించైనా ఆ సభ్యుడు లేనప్పుడు మాట్లాడరు, అది మర్యాద కాదు. అతను ఉన్నప్పుడు అసలే మాట్లాడరు.

ఒక సమావేశం అయ్యాక మెట్ల కింద ఒకాయన నా కోసం నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఫలానా ఎమ్మెల్యే దగ్గర పీఏనని చెప్పుకున్నాడు.

"మీరు బయటి మనిషి గదా సార్. మీతోని ఒక మాట. జర స్టేషన్ దాకా నడుస్తరా? మా ఊరి పేషెంటు దిగుతున్నడు, దవాఖానకు తీస్కపోవాలె."

నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తూ చెప్పాడు. ఆయన బయాలజీ టీచరు. డెప్యుటేషన్ మీద, అంటే సొంత బడి నుంచి కొంతకాలానికని అరువు మీద వచ్చాడు.

"ముందల ఉన్న ఎమ్మెల్యే తీస్కొచ్చిండు సార్. ఆయన ఓడిపోయిండు. ఇగ బడికి పోవచ్చని సంచి సర్దుకున్న. కొత్తాయన వేరే పార్టీ. అయినా వచ్చి, 'సారూ, మీరు పోవద్దు, మీరే ఉండాలె' అన్నడు."

"కాదనలేకపోయారా?"

"ఎట్లంట సార్? నా బిడ్డ పెండ్లికి అందరికంటె ముందుగాల వచ్చి కుర్చీలేపిచ్చిండు."

ఇప్పుడాయనకు హెడ్‌మాస్టర్‌గా ప్రమోషన్ వచ్చింది. సొంత మండలంలోని బడే. నెలాఖరులోగా వెళ్లి చేరాలి. చేరకపోతే సీనియారిటీలో తర్వాత ఉన్నవారికి పోతుంది. మళ్లీ వంతు వచ్చేసరికి ఆయన రిటైరైపోతాడు. వెళ్లాలంటే ఎమ్మెల్యే ఒప్పుకోవాలి. కమిటీకి మొరపెట్టుకుందామన్నా ఆ కాగితం ఎమ్మెల్యే సంతకంతోనే రావాలి.

"అడిగారా ఆయన్ని?"

"అడిగిన. నవ్విండు. 'బడికి పోయి ఏంజేస్తవ్ సారూ, పోరగాల్ల ముక్కులు తుడుస్తవా' అన్నడు." ఫోన్లు జేబులో పెట్టుకుని, "నా పేరు మాత్రం చెప్పకున్రి సార్. తెల్లారితె ఆయన ముఖమే చూడాలె," అన్నాడు.

పేరు లేకుండా అడగడం నాకు అలవాటైన పనే. తర్వాతి సమావేశంలో మామూలుగా అడిగినట్టు అడిగాను: డెప్యుటేషన్ గడువు దాటిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? గడువు దాటితే వెనక్కి పంపాల్సిందే కదా అని నా లెక్క.

కమిటీ వ్యవహారాలు చూసే అధికారి గోదావరి జిల్లా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. "ఉన్నారండి. చాలామందే ఉన్నారండి," అన్నాడు.

అధ్యక్షుడు సమోసా కింద పెట్టాడు. "మరి ఇన్ని దినాలు జీతమెట్లిచ్చిన్రయ్యా?"

"ఇస్తూ వచ్చామండి. ఇప్పుడు ప్రశ్న రికార్డులోకి వచ్చింది కాబట్టి ఇక ఇవ్వడం కుదరదండి."

తర్వాతిసారి గది నిండిపోయింది. మా పీఏ గారి ఎమ్మెల్యే కూడా వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. భారీ మనిషి, మాటకు ముందు నవ్వు వచ్చే రకం.

"అన్న మంచి పాయింట్ పట్టిండు," అన్నాడు అధ్యక్షుడు. "అందరికి గడువు పెంచేద్దాం. ఈ సభ ఉన్నన్ని దినాలు ఎవ్వలూ కదిలే పని లేదు. ఫికరే ఉండదు."

బల్లలు చరిచారు. నా పక్కనున్న ఎమ్మెల్యే నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా సారుని ఎవలన్న గుంజుకపోతరేమోనని నిద్ర పట్టకపోయేదన్నా. సారు లేకపోతె నాకు కాళ్లు చేతులు ఆడవు. నెత్తి మీది బరువు దించినవ్."

"అలా కాదండీ," అన్నాను. "వెళ్లాలనుకునేవాళ్లని వెళ్లనివ్వాలి కదా."

"ఎవలు పోతమన్నరు? పేరు చెప్పు, గిప్పుడే పంపుదం," అన్నాడు అధ్యక్షుడు.

అందరూ నా వైపు చూశారు. ఆ పేరు నా నాలుక మీదే ఉంది.

"సరే, అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే..." అన్నాను.

"లేరన్నా. నా దగ్గరికెల్లి పోతనన్నోడు ఇప్పటిదాక ఒక్కడు లేడు," అన్నాడు నా పక్కనున్న ఎమ్మెల్యే. అందులో అబద్ధం చెబుతున్న ఛాయ లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు.

బయటి సభ్యుడి ప్రతిపాదన మీద, అందరి సమ్మతితో గడువు పొడిగించినట్టు తీర్మానం రాశారు. అందరూ సంతకాలు పెట్టారు. నేను రేపు పెడతానని చెప్పి దిగిపోయాను.

మర్నాడు ఆబిడ్స్‌లో పోస్టాఫీసు పక్కన టీ తాగుతుంటే పీఏ వెతుక్కుంటూ వచ్చాడు.

"సంతకం పెట్టలేదంట గదా సార్."

"పెడితే మీరు ఇరుక్కుపోతారు."

"పెట్టకపోతె జీతాలాగుతయ్ సార్. నా ఒక్కనిది గాదు, అందరియి. పీఏలంత వాట్సాప్ గ్రూపుల తిడుతున్రు, ఎవడ్రా ఈ పేపరోడని."

"మీరేమన్నారు?"

"నేను గూడ తిట్టిన. తిట్టకపోతె అనుమానమొస్తది గదా." నవ్వబోయి ఊరుకున్నాడు. "మీరు మంచికే చేసిన్రు సార్. పెట్టున్రి. నా దోస్తులందరికి ఇంటి కిరాయిలు కట్టాలె."

"ఎమ్మెల్యే గారితో ఇంకోసారి మాట్లాడండి. గట్టిగా చెప్పండి."

"నిన్న రాత్రి చెప్పిన సార్. కండ్లల్ల నీళ్లు తీస్కున్నడు. తిడితె పోయెటోన్ని. ఏడుస్తుంటె ఎట్ల పోవాలె?"

ఆయన ఫోన్ మోగింది. చూపించాడు, ఎమ్మెల్యేనే. "ఔ సార్... ఔ, గీడనే ఉన్న... వస్తున్న," అంటూ బషీర్‌బాగ్ వైపు వెళ్లే ఆటో ఎక్కాడు. నేను నాంపల్లి దాకా నడిచి, మెట్లెక్కి సంతకం పెట్టాను. అధికారి మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు.

నెలాఖరు దాటింది. కొత్త నెలలో ఒక మధ్యాహ్నం పీఏనే ఫోన్ చేశాడు. ఆ బడి సీనియారిటీలో తర్వాతున్న టీచరమ్మకు వెళ్లిందట. ఆమె చేరినందుకు బళ్లో సభ పెడితే ఎమ్మెల్యేనే ముఖ్య అతిథి. శాలువా ఏర్పాటు, పూలదండ, స్టేజీ మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ పీఏ చూసుకోవాల్సినవే. చూసుకున్నాడు.

"మంచి టీచరే సార్ ఆమె," అన్నాడు. "పిల్లలు గూడ మస్తుగొచ్చిన్రు."

ఎమ్మెల్యే గారు ఏం మాట్లాడారని అడిగాను.

"బడిల పనిచేసెటోల్లకు మించిన అదృష్టవంతులు లేరని మాట్లాడిండు. నేనే రాసిచ్చిన. చప్పట్లు బాగ కొట్టిన్రు సార్." అవతల ఇంకో ఫోన్ మోగుతోంది. "ఉంట సార్," అని పెట్టేశాడు.