చింతచిగురు పప్పు, అవ్వ కుట్లు

నిన్న పొద్దున అమ్మ చింతచిగురు పప్పులో ఎండుమిరపకాయల పోపు వేసింది. ఆ ఘాటుకు నాకు ముందు తుమ్మొచ్చింది, తర్వాత మా నాయినమ్మ, అవ్వ గుర్తుకొచ్చింది, ఆ వెంటనే, నమ్మండి నమ్మకపోండి, చీము వాసన గుర్తుకొచ్చింది. పప్పు పోపుకూ చీముకూ ఏం సంబంధమంటారా? ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి మా ఇంట్లో తేలేసరికి అవ్వ ప్రాణం మీదికొచ్చింది.

మాది శామీర్‌పేట చెరువు పక్క పల్లె. నాయిన చేపలు పట్టేవాడు. ఎండాకాలం వచ్చిందంటే నీళ్లు వెనక్కి పోయి, చెరువు అంచున బురద నెర్రెలిచ్చి, గోడల మీద ఆరేసిన వలల వాసన, చాపల మీద ఎండేసిన చేపల వాసన వాకిలంతా కమ్ముకునేవి. మేం పిల్లలం బండమీద అష్టాచెమ్మా ఆడుతూ, రోడ్డు పక్క చింతచెట్ల నుంచి అవ్వ దోటితో లాగిన చిగురును ఉప్పద్దుకుని నాలుక పులిసిపోయేదాకా తినేవాళ్లం. మిగిలిన చిగురును అవ్వ అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఊదేసి అమ్మకిచ్చేది. అమ్మలా ఆ పప్పు వండేవాళ్లు మా వాడలోనే లేరు. కానీ అమ్మ మాత్రం ఒక్క ముద్ద ముట్టేది కాదు. ఎందుకమ్మా అంటే, సయించదనేది.

అసలు కారణం అవ్వ. వాడలో ఎవరికి కానుపైనా, ఎవరికి ఆపరేషనైనా పత్యం చెప్పే పెత్తనం ఆమెదే. ఉత్తన్నం, ఎల్లిగడ్డ కారం, ఇంత నెయ్యి, అంతే. పప్పు తింటే కుట్లు చీము పడతాయని ఆమె శాసనం. నేను పుట్టినప్పుడు అమ్మకు పెద్దాపరేషన్ చేశారు. కుట్లు చీము పట్టాయి. "ఏం తిన్నవే?" అని అడిగింది అవ్వ. ఏమీ తినలేదని అమ్మ ఒట్టు పెట్టుకున్నా వినలేదు, దొంగచాటుగా చింతచిగురు పప్పు తిన్నదని వాడంతా చెప్పింది. ఎక్కడ నలుగురు ఆడవాళ్లు కూర్చున్నా ఆ మాట వచ్చేది. అమ్మ తల వంచుకుని లేచి వెళ్లిపోయేది. ఆ పప్పు మీద ఆమెకు మనసు విరిగిపోయింది.

నేను బడికి పోయే వయసులో అవ్వకు గర్భసంచి ఆపరేషన్ అయింది. అల్వాల్‌లో ఒక దవాఖానలో చేయించి, కట్టుతో ఇంటికి తెచ్చాం. తన పత్యం తనకే వచ్చింది పాపం. ఎల్లిగడ్డ కారం ముందు పెట్టుకుని ముఖం చిట్లించుకునేది. ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. అవ్వ పప్పు గిన్నె అడుగు వేలితో గీకి నాకుతోంది! నన్ను చూసి కంగారుపడి నా నోట్లోనూ ఇంత పెట్టి, మాట్లాడొద్దని కళ్లతోనే చెప్పింది. అంత రుచైన పప్పు నేను మళ్లీ తినలేదు.

ఆ తర్వాత అవ్వ తీరు మారింది. కొంగు పొట్టకు అదిమి పట్టుకుని నడిచేది. దగ్గరికి ఎవర్నీ రానిచ్చేది కాదు. కట్టు తడుస్తోందని తనే విప్పేసి, పసుపూ బూడిదా అద్ది, పాత చీరగుడ్డ చుట్టుకుంది. పొద్దస్తమానం మంచం కింద ఊదు పొగ వేసుకునేది. దేవుడి మీద భక్తి పెరిగిందని నాయిన నవ్వాడు. పక్కన పడుకునే నాకు మాత్రం ఆమె ఒళ్లు పెనంలా కాలడం తెలిసేది. అవ్వకు జరమొచ్చిందని అమ్మకు చెప్పాను.

అమ్మ మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. ఊదు పొగ కింద ఉన్న వాసన ఆమె ఒకప్పుడు తన పొట్ట మీదే మోసింది. ఇక గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? అవ్వ గోడవైపు తిరిగింది. ఇన్నేళ్ల కసి తీర్చుకోవాలంటే అమ్మకు ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న కోసమే అవ్వ బిగుసుకుని పడుకుందని ఇప్పుడు నాకర్థమవుతోంది.

"కట్టు సూపియ్యి అత్తమ్మా," అంది అమ్మ.

"పప్పు తిన్ననే యాదమ్మా..." అంది అవ్వ, గోడవైపే చూస్తూ.

"పప్పు సంగతి తర్వాత. ముందు కట్టిప్పు."

గుడ్డ తీస్తే కుట్ల చుట్టూ ఎర్రగా ఉబ్బి, ఒక మూల నుంచి చీము కారుతోంది. అమ్మ ఆ పొట్టను చూసి ఏడ్చింది. నాయిన పరుగెత్తి ఆటో తెచ్చాడు.

డాక్టరమ్మ రెండు కుట్లు విప్పి, చీమంతా తీసి, శుభ్రంగా కడిగి కట్టు కట్టింది. ఇంకొంచెం ఆలస్యమైతే చీము రక్తంలోకి పోయేదని మందలించింది. పప్పు తిన్నానని అవ్వ చేతులు జోడిస్తే ఆమెకు నవ్వొచ్చింది. పప్పుతో చీము పట్టదనీ, గాయం మానాలంటే పప్పూ గుడ్లూ తినాల్సిందేననీ, లోపల తెలియకుండా పెరిగిన షుగరూ పైన అద్దిన బూడిదా ఇంత పని చేశాయనీ చెప్పింది. ఎర్రబడినా, వేడిగా ఉన్నా, తడి కారినా, జ్వరమొచ్చినా దాచకుండా ఆ రోజే రావాలంది.

"గట్లయితే... మా కోడలిది?" అంది అవ్వ.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

అవ్వ మెల్లగా కోలుకుంది. రోజూ అమ్మే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, దవాఖానలో చూపించినట్టే కట్టు మార్చేది. చూడవచ్చిన వాడకట్టు ఆడవాళ్లు అలవాటు కొద్దీ ఏం తిన్నవని అవ్వనే అడిగారు.

"పప్పు తిన్న," అంది అవ్వ అందరి ముందే. "గా పప్పుతోని ఏం కాలే. మా యాదమ్మ గప్పుడు తిననే తినలే. తిన్నదని ఊరంత జెప్పింది నేనే. నా నోరు పాడుగాను."

ఆ మర్నాడు పొయ్యి దగ్గర పీట వేసుకుని తనే చింతచిగురు పప్పు వండి, కంచంలో పెట్టి అమ్మ ముందుంచింది. "తిను బిడ్డా," అంది. అమ్మ కళ్లనీళ్లు కంచంలో పడుతుంటే అలాగే కలుపుకుని తినేసింది. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకో తెలియకుండానే.

ఇప్పుడు అవ్వ లేదు. రోడ్డు వెడల్పులో చింతచెట్లు పోయాయి, మేం అష్టాచెమ్మా ఆడిన బండ ఏ ప్లాటు కింద ఉందో తెలియదు. చిగురు అల్వాల్ మార్కెట్‌లో కవర్లలో కొనుక్కొస్తున్నాం. నిన్న మా తమ్ముడి భార్య, పెద్దాపరేషనై పురిటిబిడ్డతో ఉన్న పిల్ల, ఆ పప్పు చూసి జంకింది. చీము పడుతుందని వాళ్లమ్మ చెప్పి పంపిందట. అమ్మ చేతులు కడుక్కుని ముందు ఆమె కుట్లు చూసింది, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత రెండు కంచాలు తెచ్చి, ఒకటి కోడలి ముందు పెట్టి, రెండోది తన ముందు పెట్టుకుని, మొదటి ముద్ద తనే తింది.