కనుమ దావలో ఎర్ర పీలికలు

మొన్న ఆదివారం ఫోన్లో మీరిద్దురూ యాడో కొండెక్కి దిగిన ఫోటోలు సూపిస్తా, రాళ్ళమింద పసుపు రంగుతో ఏసిన బాణం గుర్తులు సూపించి, ఇట్లాటియ్యేమీ లేని కాలంలో మీరు దావ తప్పిపోకుండా ఎట్ల నడిసినారవ్వా అని చిన్నది అడిగింది గదా, సున్నం పూసిన రాళ్ళు పెట్టుకుంటాంటిమి తల్లీ అని ఒక్కమాటలో తేల్చేసి, అన్నం తిన్నారా అని నేను మాట మార్చేసినాను. అది అబద్ధం కాదు. అట్లని పూరా నిజమూ కాదు. సున్నం రాళ్ళకు ముందర ఇంకొక గుర్తుండె, అది పెట్టింది నేనే. ఆ సంగతి ఫోన్లో సెప్పేది కాదు గాబట్టి ఈ మదనపల్లెలో మధ్యాన్నం పూట ఫ్యాను కింద కూర్చోని నిదానంగా రాస్తాండాను, మీకు తెలుగు సదవడం కష్టమైతే మీ అమ్మ సేత సదివించుకోండి.

మీ అమ్మ ఇంకా ఇస్కూలుకు పొయ్యే కాలం అది. పుంగనూరికి ఆవల మా అత్తగారూళ్ళో ఏటేటా పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు అక్టోబరు నడుమ, మూడో శనివారానికి తిరుమల కొండమింద ఉండేటట్టుగా, ముప్పై నలభై మందిమి కాలినడకన బయల్దేరతాంటిమి. నాలుగు రోజుల నడక, అయిదోనాడు మెట్లు. ఆ నడకకంతా మీ తాతోళ్ళ నాయన, అంటే మా మామ, పెద్ద. ఆయప్పకు మోకాళ్ళు పట్టేసినాక ఆ పెత్తనం కొడుకుల్లో ఎవురికిస్తాడో అని ఇంట్లో అందురూ సూస్తాంటే, తీసుకొచ్చి నా సేతిలో పెట్టినాడు. యాలంటే నేను మనిషిని మొగం సూసి కాదు, పాదాలు సూసి లెక్కేస్తానంట. అది నిజమే. ఎవురి మడమలు పగిలిండాయో, ఎవురు కొత్త సెప్పులేసుకోని రెండోనాటికి కుంటుతారో, ఏ ముసలామె నొప్పి సెప్పకుండా ఓర్సుకోని నడుస్తాదో నాకు తెలుస్తాండె. నడకకు నెల ముందర నట్టింట్లో చింతగింజలు పరిసి, ఒక్కో గింజ ఒక్కో మజిలీ అనుకోని, ఈడ బాయిలో నీళ్ళుంటాయి, ఈడ బడి వరండాలో పండుకోవచ్చు, ఈడ్నించి ఎండెక్కకముందే దాటాల అని నాలో నేను సెప్పుకుంటా గింజలు జరుపుతాంటే, మీ తాత వాకిట్లోనించి తొంగిసూసి, "ఏమే, స్వామితో పులిమేకాట ఆడతాండావా?" అంటాండె.

మా ఊరి ఎనక కనుమ ఉండాది, రెండు కొండల నడిమి సందు. ఆ సందులో పడి పోతే తారురోడ్డున లారీల పక్కన నడిసే బాధ తప్పి, ఒక పూట నడక కలిసొస్తాది. అయితే ఏడాదంతా మనిషి తిరగని దావ గాబట్టి వానలకు కంప మూసేస్తాది. అందుకని నడకకు పదైదు దినాల ముందర ఇంటికొకరు మచ్చుకత్తి తీసుకోని పోయి కంప కొట్టి, నీళ్ళకు కోసుకుపోయిన తావ రాళ్ళు పేర్సి వస్తాంటిమి. దావ తీసేదానికి రాని ఇంటోళ్ళు నడకకూ రాగూడదనేది మామ పెట్టిన కట్టు. ఇంకొక కట్టు ఏమంటే, కడపట నడిసే మనిషి బుజాన గోనెసంచి ఉండాల, ముందరోళ్ళు పారేసిందంతా ఏరుకుంటా రావాల. మొదట్లో ఆ సంచిలో పడేదానికేముండె, తెగిన సెప్పు, బీడీకట్ట కాయితం. విస్తరాకులు పడిన తావనే మట్టిలో కలిసిపోతాండె. ఆ తరవాత కవర్లొచ్చినాయి, నీళ్ళ పాకెట్లొచ్చినాయి, సంచి రోజుకు రెండుసార్లు నిండబట్టింది. ఆ సంచి నేనే మోస్తాంటి. పాకెట్టు కొరికి తాగి కంపలోకి ఇసిరేసినోళ్ళను పేరుపెట్టి పిలిసి ఎనక్కి రప్పిస్తాంటి. ఒకసారి మా తోడికోడలు, "లడ్డు ఇంకా మన సేతికి రాకముందే పొట్లం కాయితానికి సెయ్యి సాస్తాది మా యక్క" అని అందుర్నీ నవ్వించింది. నాకు కోపం రాలే, గర్వమొచ్చింది.

కనుమ మొదట్లో ఆవులు మేపుకునే ఒక కుటుంబముండె. ఆ ఇంటామె నాకన్నా పదేండ్లు పెద్దది, చుట్టరికమేమీ లేకపోయినా నేను అక్కా అని పిలుస్తాంటి. దావ ఆయమ్మ మేత బీడులోనించే పోవాల, అయినా ఒక్కనాడూ అడ్డం సెప్పలే. పైగా మేం దాటే పొద్దుకు మజ్జిగ కుండతో వాకిట్లో నిలబడతాండె. ఆమెవన్నీ పుంగనూరు పొట్టావులు, మన నడుమెత్తు గూడా ఉండవు, అప్పటికే సుట్టుపక్కల పల్లెల్లో అట్లాటియి తగ్గిపోయిండె. నడకనాడు తెల్లారి నేను ఆమె అరుగుమింద కూర్చోని కనకాంబరాలు కట్టి, ఆ ఆవుల కొమ్ములకు సుట్టి పోతాంటి. నా పుట్టిల్లు కుప్పం తట్టు గదా, మా తట్టు పూలు కట్టే ముడి వేరే, రెండుసార్లు తిప్పి కిందనించి లాగతాము. ఈ ఊళ్ళో ఎవురికీ రాదు. నేర్పమని అక్కే అడిగింది, ఎన్నిసార్లు సూపించినా ఆమె సేతికి పడలే. "నీ ముడి నీకే ఉండనీ తల్లీ, మా ఆవులకు అంత సోకు యాల" అని నవ్వేసింది.

ఒక ఏడు కుప్పంనించి మా వదినతో అయిదారుమంది ఆడోళ్ళు నడకకని వచ్చి, మా గుంపుకు ఒక పూట ఎనకబడి, కనుమలో దావ మూడుగా సీలే తావ తప్పుదావ పట్టి, మాపటిదాకా కంపలో తిరిగి, కాళ్ళు గీరుకోని ఏడుస్తా బయటపడినారు. నా పెత్తనంలో ఇట్లా జరిగిందే అని నాకు శానా దినాలు అన్నం సయించలే. మరుసటేడు దావ తీసేది అయిపోయినాక, ఎవురికీ సెప్పకుండా ఒక్కదాన్నే, ఇంట్లో పోగుబడిన చీరలంగడి ఎర్ర కవర్లను పీలికలుగా కత్తిరించి, కంటికి ఆనేటట్టు, పది పదైదు బారలకొకటి సెట్టుకొమ్మలకు కట్టుకుంటా పోయినాను. గుడ్డపీలికలైతే వానకు ఎలిసిపోతాయి, ఇవి ఎలవవు అని నా తెలివికి నేనే మురిసిపోయినాను. ఆ ఏడు ఒక్కరూ దావ తప్పలే, ఎవురు కట్టినారని ఎవురూ అడగలే, నేనూ సెప్పలే. తిరిగొచ్చినాక నేలమింద కాయితమ్ముక్క లేకుండా ఏరినాను గానీ, పీలికలు మాత్రం ఇప్పలే. మళ్ళా ఏటికి పనికొస్తాయి గదా అనుకున్యాను. పారేస్తేనే చెత్త, కట్టింది చెత్త కాదని నా ఎర్రిమనసు.

ఆ ఎండాకాలం బీట్లో గడ్డి మాడిపోయింది. అక్కోళ్ళు కనుమలో కొమ్మలు నరికి తెచ్చి ఆవులకు ఏసినారు. నాకది తోచనే లేదు సూడండి, సెట్టుకు కట్టింది సెట్టుమిందే ఉంటాదనుకున్యాను. సూడితో ఉండే ఆవొకటి మేత మానేసి, కడుపుబ్బి, నాలుగోనాడు పడిపోయింది. పుంగనూరునించి పశువుల డాక్టరొచ్చి కోసి సూస్తే కడుపులో కవర్ల ఉండ. ఊరంతా పోయి సూసినారు, నేనూ పోయినాను. ఆ ఉండలో రకరకాల కవర్లుండాయి, అన్నీ నావి కాదు. కానీ నడిమిన ఎర్రవీ ఉండాయి, ఒకదానికి ముడి అట్లే ఉండాది. అక్క ఏడవలే, ఎవుర్నీ ఒక్కమాటనలే. మర్నాడు కనుమ దావకు అడ్డంగా కంప నరికి ఏసేసింది.

తాతల కాలంనాటి దావ, మూసేదానికి ఆమెవురు, పోయి లాగేద్దాం రండి అని ఊళ్ళో పెద్దోళ్ళు లేసినారు. ఇంకొందురు, కుప్పమోళ్ళు వచ్చినప్పట్నించే ఈ కవర్ల కర్మ పట్టుకునిందని మా వదినోళ్ళమింద తోసినారు. నేను నోరిప్పలే. తారురోడ్డునైతే మేం రామని సగంమంది ఆడోళ్ళు సెప్పేసినారు. మామ మంచంలోనించి, ఈ ఏడు నడక నిలబడతాదా అమ్మా అని పొద్దుకొకసారి నన్నే అడగతాండె. ఇంక తట్టుకోలేక మీ తాతకు సెప్పేసినాను. ఆయన మూలనుండే గోనెసంచి తెచ్చి నా ముందర పెట్టి, "ఇన్నేండ్లు అందురిదీ ఎత్తుకుంటివి, ఇది గూడా నువ్వే ఎత్తుకో" అన్యాడు.

మర్నాడు ఒక్కదాన్నే కంప పక్కనించి కనుమలోకి దూరి, మిగిలిన పీలికలన్నీ ఇప్పి గోనెసంచిలో ఏసుకోని, ఆ సంచితోనే అక్క వాకిట్లోకి పోయినాను. అక్క పిడకలు తడతాండాది. అక్కా, ఆ ఎర్రపీలికలు కట్టింది నేనే అన్యాను. తిడతాదనుకున్యాను, తిట్టింటే బాగుండు. సేతులు కడుక్కోనొచ్చి, "ఎండనబడి వచ్చినావు, మజ్జిగ తాగు" అనింది. దావ తియ్యమని అడిగేదానికి రాలేదక్కా అంటే, "ఊ" అనింది. సెంబు పెట్టేదానికి కొట్టంలోకి పోయినాను. ఆ ఆవును కట్టేసే గూటం పైన, గోడకు కొట్టిన మేకుకు, కడిగి ఆరేసిన ఎర్రపీలిక ఒకటి యాలాడతాండాది. ముడి ఇప్పలే. రెండుసార్లు తిప్పి కిందనించి లాగిన ముడి.

దావ తీసే దినాలొచ్చినాయి. నేను నట్టింట్లో కూర్చోని చింతగింజలను తారురోడ్డుమిందికి జరుపుకుంటాంటే, కనుమకాడ కంప తీసేసుండారని ఎవురో వచ్చి సెప్పినారు. పోయి సూస్తే అక్క మచ్చుకత్తి సేతబట్టుకోని, మాకన్నా ముందరే సగం దావ కొట్టేసుండాది. పక్కన కుండలో సున్నం కలిపి పెట్టుకోనుండాది. "ఇంగ రాళ్ళకు పూస్తాం. ఆవులు రాళ్ళు తినవు" అనింది. అంతే, ఆ సంగతి మళ్ళా మా ఇద్దురి నడుమ రాలే. మామకు సెప్తే సరేలే అని అటు తిరిగి పండుకున్యాడు గానీ, ఆ మాపు రెండు ముద్దలు ఎక్కువ తిన్యాడు. ఆ ఏటినించి సున్నం కుండ అక్కది, గోనెసంచి నాది.

తరవాత తరవాత రోడ్డు ఎడల్పైంది, బండ్లెక్కువైనాయి. నడిసేవాళ్ళ ఎంబడి సామాన్లకని ఒక వ్యాను పోతాది, దాంట్లో పాటలు పెడతారు, నీళ్ళ సీసాలు అందిస్తారు. మోసే బరువు లేదు, మజిలీలు లెక్కేసే పనీ లేదు. ఒకరకంగా మంచిదే, ముసలోళ్ళు గూడా నడవగలగతాండారు. కానీ వ్యాను కనుమలోకి రాదు గదా, దావ తీసేదానికి మచ్చుకత్తి పట్టుకునేవాళ్ళు తగ్గి, తగ్గి, నిలిచిపోయినారు. కంప మూసేసింది, సున్నం రాళ్ళు ఆ కంప కింద యాడో ఉండాయి. మీరు పొయ్యే కొండల్లో ఆ బాణాలు ఎవురు పూస్తాండారో, కడపట సంచి ఎవురు మోస్తాండారో ఒకసారి అడిగి సూడండి. కనబడితే ఒక దినం వాళ్ళ ఎనక నడవండి.

అక్క ఆవులు అమ్మేసి పలమనేరులో కూతురింటికి పోయింది, ఆడే పోయింది. అంతకుముందు ఎన్నేండ్లో పక్కపక్కన నడిసినాం, అడగబోయినప్పుడల్లా "సున్నం ఆరిపోతాది, నడువు" అని ముందరకు పోతాండె. ఆ ముడి మా ఊళ్ళో నాకు తప్ప ఎవురికీ రాదని తెలిసిన మనిషి ఆమే. ఊరోళ్ళు కుప్పమోళ్ళమింద తోస్తాంటే విన్నది గూడా ఆమే. అక్కా, ఆ దినమే నీకు తెలిసిపోయింటాదే, మరి నా వాకిట్లోకి రాకుండా, ఎవురికీ ఒక్కమాట సెప్పకుండా, నేనే వస్తానని అన్ని దినాలు ఎట్ల కాసుకోనుండినావు?